అమ్మ చేతిలోంచి సూది నా చేతిలోకి రావడానికి ఏడాది పైన పట్టింది: టైప్ 1 షుగర్‌తో హాస్టల్‌కి వెళ్ళిన నా అనుభవం

నాకు ఇప్పుడు 18. మూడో క్లాసులో ఉన్నప్పటి నుంచి టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వక రోజూ సూదితో వేసుకోవాల్సిన రకం. మొన్న ఆగస్టులో వైజాగ్‌లో బీటెక్‌లో చేరి హాస్టల్లో ఉంటున్నా. ఇందులో ఏముంది, సీటొచ్చింది చేరింది అంతే కదా అనిపించొచ్చు. కానీ మా ఇంట్లో నన్ను ఒక్క రాత్రి ఒంటరిగా వదలడానికి ఏడాది పైన పట్టింది, మధ్యలో అమ్మ ఏడుపులు, నా అలకలు, నాన్న మౌనం అన్నీ అయ్యాయి. మాలాంటి ఇళ్ళు చాలానే ఉంటాయి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నా. డైట్ చార్టులు, జబ్బు లక్షణాలు రాయను, అవి ఎక్కడైనా దొరుకుతాయి.

అమ్మ అలా ఎందుకుంటుందో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది చదివి ఆవిడ్ని తిట్టుకుంటారు. 2015 నవంబరు. నేను బాగా చిక్కిపోయా, రాత్రుళ్ళు పక్క తడిపేస్తున్నా, బాటిళ్ళకి బాటిళ్ళు నీళ్ళు తాగేస్తున్నా. వాంతులు మొదలైతే దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపించారు, గ్యాస్ట్రిక్ అన్నారు, నీరసంగా ఉందని గ్లూకోజ్ సెలైన్ ఎక్కించారు. షుగర్ 500 దాటేసిన పిల్లకి గ్లూకోజ్! ఒక్క చుక్క రక్తం మీటర్‌లో పెట్టి చూసుంటే తెలిసిపోయేది. ఆ రాత్రే నాకు ఊపిరి ఎగబోస్తుంటే తాడేపల్లిగూడెం నుంచి విజయవాడకి కారులో తీసుకెళ్ళారు, తిన్నగా ఐసీయూ. డీకేఏ అంటారు దాన్ని, ఇన్సులిన్ లేక ఒంట్లో కీటోన్లు పెరిగిపోయి రక్తం ఆమ్లంగా మారడం. నాకు గుర్తున్నది ఏసీ చలి, దాహం, అంతే. అమ్మకి మాత్రం నిమిషం నిమిషం గుర్తు. నన్ను ఒళ్ళో పెట్టుకుని ఏలూరు దాటేదాకా పిలుస్తూనే ఉందట, నేను పలకలేదట.

ఆ తర్వాత ఆవిడ ఎవర్నీ నమ్మలేదు. డాక్టర్లని, టీచర్లని, నాన్నని, అందరికంటే ఎక్కువగా నన్ను.

స్కూల్లో మధ్యాహ్నం డోసు వెయ్యడానికి రోజూ అమ్మే వచ్చేది. ఎండైనా వానైనా స్కూటీ మీద. ఏడో క్లాసుకి వచ్చాక కూడా స్టాఫ్ రూమ్ పక్కన తలుపేసుకుని నా పొట్టకి సూది వేసి, ఎదురుగా కూర్చుని నేను చివరి మెతుకు దాకా తింటే గానీ కదిలేది కాదు. ఆటల పీరియడ్‌లో నేను చెట్టు కింద, అందరి వాచీలూ చున్నీలూ నా దగ్గర. నవంబరు 14 బాలల దినోత్సవం రోజు రన్నింగ్ రేసులు పెట్టేవాళ్ళు, నేను చప్పట్లు కొట్టే బ్యాచ్. ఇంకో తమాషా ఏంటంటే ప్రపంచ డయాబెటిస్ దినం కూడా ఆ రోజే, ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ పుట్టినరోజని. ఎక్స్‌కర్షన్లు లేవు, ఫ్రెండ్ ఇంట్లో పడుకోవడాలు లేవు. రాత్రి పన్నెండింటికీ మూడింటికీ అమ్మ సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని నా వేలు పొడిచి చూసేది, నాకు మెలకువ కూడా వచ్చేది కాదు. తమ్ముడికి జ్వరమొస్తే నాన్న చూసుకునేవాడు, వాడు ఒకసారి అన్నాడు, "నాక్కూడా షుగరొస్తే బాగుండు" అని. ఆరేళ్ళప్పుడు అన్నాడులెండి, కానీ అమ్మ మొహం మాత్రం నాకు గుర్తుంది.

ఇంకోటి, ఎవరికీ చెప్పకూడదు. ఆడపిల్ల, రేపు పెళ్ళి చెయ్యాలి అని నాయనమ్మ ఆర్డరు. పెళ్ళిళ్ళకి వెళ్తే బాత్రూమ్‌లోనే ఇంజెక్షన్. మేనత్త పిల్లలకి కూడా తెలీదు చాలా ఏళ్ళు. "పిల్లకి తీపి పడదండీ" అని అబద్ధం. నన్నడిగితే ఇంటి కాపలా కంటే ఈ దాపరికమే ఎక్కువ ప్రమాదం, ఎందుకో తర్వాత చెప్తా.

అసలు కథ జూన్ 2024లో మొదలైంది. ఇంటర్ ఫస్టియర్ అయిపోయింది, మూడు నెలలకోసారి వెళ్ళే చెకప్‌కి విజయవాడ వెళ్ళాం. అపాయింట్‌మెంట్ పదకొండున్నరకి, లోపలికి పిలిచేసరికి రెండయ్యింది (ఇది మామూలే, ఇన్సులినూ లంచ్ బాక్సూ రెండూ పట్టుకెళ్ళండి). మా పాత డాక్టర్ గారు మారిపోయి కొత్త మేడమ్ వచ్చారు, పిల్లల ఎండోక్రైనాలజిస్టు (షుగర్, హార్మోన్ల డాక్టర్). ఆవిడ నా వైపు చూసి "రాత్రి లాంగ్ యాక్టింగ్ ఎన్ని యూనిట్లమ్మా?" అని అడిగారు, అంటే రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్. అమ్మ చెప్పేసింది. మేడమ్ మళ్ళీ నన్నే చూసి "పొద్దున ఇడ్లీకి ఎంత వేస్తావు?" అన్నారు. మళ్ళీ అమ్మ. మూడో ప్రశ్నకి కూడా అమ్మే నోరు తెరిచేసరికి మేడమ్ నవ్వి "అమ్మా, మీరు పది నిమిషాలు బయట కూర్చోండి, మీ అమ్మాయితో మాట్లాడాలి" అన్నారు. అమ్మ కదల్లేదు. "నాకు తెలీకుండా దానికేం ఉంటాయండీ" అంది. అమ్మని ఆ రూమ్ నుంచి బయటికి పంపడానికే ఐదు నిమిషాలు పట్టింది.

తలుపు మూశాక మేడమ్ అడిగినవి: స్కూల్లో ఎవరికి తెలుసు, దాచుకుని ఏమైనా తింటావా, ఇంజెక్షన్ ఎప్పుడైనా ఎగ్గొట్టాలనిపించిందా, రాత్రి నిద్ర పడుతుందా. చివరికి "ఇంకో ఏడాదికి నువ్వు ఎక్కడికో చదువుకి వెళ్తావు, అప్పుడు డోసు ఎవరు లెక్కేస్తారు?" అని అడిగారు. అమ్మ వచ్చి నా పక్కన ఉంటుంది అన్నాను. నిజంగా మా ఇంట్లో ప్లాన్ అదే, నేను ఏ ఊళ్ళో చేరితే అక్కడ రెండు గదులు అద్దెకి తీసుకోవడం, నాన్నా తమ్ముడూ ఇక్కడ, మేమిద్దరం అక్కడ. మేడమ్ ఏమీ అనలేదు. అమ్మని పిలిచి ఒక కాగితం మీద మూడు మెట్లు రాసిచ్చారు. మొదట లెక్కలు. తర్వాత పగటి ఇంజెక్షన్లు, పరీక్షలు. చివరికి రాత్రి. ఒకటి కుదిరాకే రెండోది. మొత్తం ఒకేసారి వదిలెయ్యద్దని అమ్మకీ, మొత్తం ఒకేసారి లాక్కోవద్దని నాకూ చెప్పారు. ఫీజు 800.

లెక్కలు అంటే తినేదాంట్లో కార్బోహైడ్రేట్ ఎంతుందో చూసి దాన్నిబట్టి ఇన్సులిన్. నాకు పది గ్రాములకి ఒక యూనిట్. మూడు ఇడ్లీలంటే ఇంచుమించు 35 గ్రాములు, మూడున్నర యూనిట్లు, పైన షుగర్ ఎక్కువుంటే దానికి వేరే. అమ్మ తొమ్మిదేళ్ళుగా ఇదంతా కాగితం లేకుండా చేస్తోంది, కంచంలో అన్నం చూసి "ఐదు వెయ్యి" అంటుంది, సరిగ్గా ఐదే పడుతుంది. ఆ జ్ఞానం నాకు ఎక్కించడం ఆవిడకి రాదు. నేనేమో కప్పు పెట్టి కొలిచేదాన్ని, నాయనమ్మ పక్కన కూర్చుని "అన్నం కొలుచుకుని తింటే దరిద్రం" అనేది. నియమం ఏంటంటే నేను ముందు నోటుబుక్కులో నా లెక్క రాయాలి, అమ్మ చూడాలి, నేను అడిగితేనే మాట్లాడాలి. మొదటి నెల ఆవిడ మాట్లాడకుండా ఉండలేక గిన్నెలు శబ్దం చేసేది. తప్పు లెక్కేస్తే మూత గట్టిగా పెట్టేది. నాకు అర్థమైపోయి దిద్దుకునేదాన్ని, అలా కొన్నాళ్ళు మూతల చప్పుడుతో నడిచింది.

సెప్టెంబరులో హెచ్‌బీఏ1సీ చూస్తే 7.4 నుంచి 8.1కి ఎక్కింది. ఈ టెస్టు గత మూడు నెలల సగటు చెప్తుంది కాబట్టి దాచడానికేం ఉండదు. విజయవాడ నుంచి బస్సులో వచ్చేటప్పుడు అమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఇంటికొచ్చాక నాన్నతో అంది, "దాని చేతికిస్తే ఇదిగో ఇలా ఉంటుంది". ఇది ముందే తెలుసుకుంటే మంచిది: పిల్లలు సొంతంగా మొదలుపెట్టాక నంబరు కొన్నాళ్ళు పాడవుతుందని మేడమ్ ముందే చెప్పారు, అయినా రిపోర్టు కాగితం మీద చూస్తే ఇంట్లో అందరికీ గుండె జారిపోతుంది. చాలా ఇళ్ళలో ఇక్కడే ఆగిపోయి సూది మళ్ళీ అమ్మ చేతికే వెళ్ళిపోతుందట. మా ఇంట్లో ఆగకపోవడానికి కారణం నాన్న. ఎరువుల షాపు తప్ప ఏదీ పట్టని మనిషి, ఆ రోజు మాత్రం "మూడు నెలలు చూద్దాం, మళ్ళీ పెరిగితే అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. అంతే, మళ్ళీ టీవీ చూసుకున్నాడు. డిసెంబరులో 7.7.

జనవరి 2025లో జేఈఈ మెయిన్. షుగర్ ఉన్నవాళ్ళకి పనికొచ్చే విషయం: రూల్స్‌లోనే ఉంది, షుగర్ టాబ్లెట్లు, అరటిపండు, ఆపిల్, నారింజ లాంటి పండ్లు, ట్రాన్స్‌పరెంట్ వాటర్ బాటిల్ లోపలికి తీసుకెళ్ళొచ్చు. చాక్లెట్లు, శాండ్‌విచ్‌ల లాంటి ప్యాక్ చేసినవి కుదరవు. డాక్టర్ లెటర్ తీసుకెళ్ళా. షుగర్ ఎప్పటికప్పుడు చూపించే, చేతికి పెట్టుకునే సెన్సార్ సంగతి ఎక్కడా స్పష్టంగా లేదు, గేటు దగ్గర గొడవెందుకని 14 రోజుల సెన్సార్ ముందురోజుకి అయిపోయేలా చూసుకుని తీసేశాం. గేటు దగ్గర ఒకాయన అరటిపండు చూసి "ఇదేంటమ్మా పిక్నిక్కా" అన్నాడు, లెటర్ చూపిస్తే వదిలేశాడు. మూడు గంటలు అమ్మ గేటు బయట నుంచునే ఉంది, గ్లూకోజ్ డబ్బా పట్టుకుని. నేను బయటికొచ్చాక మొదటి మాట "పేపర్ ఎలా రాశావ్" కాదు, "ఎంతుంది?". 142 అన్నాను. ఆ నంబరు విని పక్కన ఉన్న అంకుల్ "అబ్బో బానే వస్తాయే మార్కులు" అన్నాడు.

మూడో మెట్టు రాత్రి. ఇదే అన్నిటికంటే కష్టం. పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. అప్పటిదాకా అమ్మా నేనూ ఒకే మంచం. మేడమ్ చెప్పింది ఏంటంటే మొదట అమ్మ అదే గదిలో కింద పడుకోవాలి, అలారం నేను పెట్టుకుని నేనే లేవాలి. తర్వాత అమ్మ పక్క గదిలో, తలుపు తీసి. తర్వాత తలుపు వేసి. నేను అలారానికి లేచేసరికి మంచం పక్కన చీకట్లో అమ్మ నుంచుని ఉండేది, ఏమీ అనకుండా, నేను లేస్తానో లేదో చూడటానికి. ఒకసారి భయపడి అరిచాను కూడా, తమ్ముడు లేచొచ్చి దొంగలనుకున్నాడు. కోపమొచ్చి గట్టిగానే దెబ్బలాడా ఆ రోజు. అమ్మ ఒకటే మాట అంది, "నీకు మెలకువ రాకపోతే నాకు పొద్దున్నే తెలుస్తుందే, అప్పుడు తెలిసి నేనేం చేసుకోను". దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. రాత్రిపూట షుగర్ బాగా పడిపోయి ప్రాణం మీదకి రావడం అనేది ఉత్త భయం కాదు, అరుదే అయినా నిజంగా జరుగుతుంది. పిల్లలు స్వేచ్ఛ స్వేచ్ఛ అంటారు గానీ అమ్మలు భయపడేది లేనిదాని గురించి కాదు.

మేడమ్ దగ్గర ఈ సంగతి ఎత్తితే ఆవిడ వాదించలేదు, రెండు పనులు చెప్పారు. పడుకునే ముందు షుగర్ ఎంతుంటే ఏం తిని పడుకోవాలో కాగితం మీద రాసిచ్చి గోడకి అంటించుకోమన్నారు. సాయంత్రం పరుగెత్తినా ఎక్కువ నడిచినా ఆ రాత్రి లాంగ్ యాక్టింగ్ తగ్గించమన్నారు, ఎందుకంటే వ్యాయామం చేసిన చాలా గంటల తర్వాత కూడా షుగర్ పడుతుంది. ఇది తెలిశాక నాకు చెట్టు కింద పీరియడ్లు గుర్తొచ్చి కొంచెం మండింది, ఒక స్నాక్, రెండు యూనిట్ల తగ్గింపుతో అయిపోయే పని కదా అని. రెండోది అమ్మకి: ఆవిడ్నీ ఒకసారి డాక్టర్‌కి చూపించమన్నారు. చూపిస్తే బీపీ 160/100. నలభై నాలుగేళ్ళ మనిషి, తొమ్మిదేళ్ళుగా వరసగా నాలుగు గంటలు నిద్రపోలేదు. మా ఇంట్లో ఎవరూ ఈ లెక్క ఎప్పుడూ వెయ్యలేదు.

జులైలో వైజాగ్‌లో సీటొచ్చింది. నాయనమ్మ, అత్తయ్య, పెదనాన్న అందరూ ఒక్కమాట మీద: వద్దు. భీమవరంలోనే కావాల్సినన్ని కాలేజీలున్నాయి, ఇంటి నుంచి బస్సులో వెళ్ళి రావచ్చు. అద్దె గదుల ప్లాన్ మళ్ళీ బయటికొచ్చింది. విచిత్రంగా దాన్ని కాదన్నది అమ్మే. "నేను వెళ్తే చిన్నాడి టెన్త్ ఎవరు చూస్తారు" అంది, అది పైకి చెప్పిన కారణం. కానీ హాస్టల్ వార్డెన్‌కీ, రూమ్మేట్లకీ, అందరికీ జబ్బు సంగతి చెప్పాలి అని షరతు పెట్టింది. ఇక్కడ ఇల్లు రెండుగా చీలింది. నాయనమ్మ రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. వాళ్ళ భయం పెళ్ళి. నా భయం ఏంటంటే నేను లో అయ్యి, అంటే షుగర్ బాగా పడిపోయి, తిక్కగా మాట్లాడుతుంటే, చెమటలు పడుతుంటే, తెలియని పిల్లలు ఏదో ఫిట్స్ అనుకుని నీళ్ళు కొడతారు, లేకపోతే షుగర్ అంటే తీపి ఇవ్వకూడదు కదా అనుకుంటారు. దాచడం వల్ల జరిగేది ఇదే. మేడమ్‌తో ఫోన్లో మాట్లాడించాక నాన్న తేల్చేశాడు, చెప్తున్నాం అని.

చేరేటప్పుడు కొన్ని అనుకోనివి. కాలేజీ ఫారంలో వైకల్యం కాలమ్ ఉంది, క్లర్క్ అది నింపమన్నాడు, కానీ 2016 చట్టంలో ఉన్న 21 రకాల్లో టైప్ 1 షుగర్ లేదు, తలసేమియా హీమోఫీలియా ఉన్నాయి గానీ ఇది లేదు. కాబట్టి కోటాలూ ఉండవు, ఆ సర్టిఫికెట్టూ రాదు, డాక్టర్ లెటర్ ఒక్కటే మన ఆధారం, నాలుగు కాపీలు పెట్టుకోండి. హాస్టల్ వాళ్ళు "ఏం జరిగినా మా బాధ్యత కాదు" అని సంతకం అడిగారు, నాన్న చదివి చదివి పెట్టాడు. రూముల్లో ఫ్రిజ్ ఉండదు, ఇన్సులిన్ వార్డెన్ ఆంటీ గదిలో పెట్టమన్నారు. ఆంటీ మంచావిడే, పాడవకూడదని జాగ్రత్తగా డీప్ ఫ్రీజర్ పక్కకి తోసి పెట్టింది. మర్నాడు చూస్తే మూడు కార్ట్రిడ్జ్‌లు గడ్డకట్టాయి. ఒకసారి గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదు, కరిగినా సరే పారెయ్యాల్సిందే. దగ్గర దగ్గర 2,800 రూపాయలు. ఇప్పుడు వాడుతున్న ఇన్సులిన్ పెన్ను బయటే ఉంటుంది, 28 రోజులు ఆగుతుంది, మరీ ఎండలో లేకపోతే. మిగతావి నీళ్ళలో తడిపి వాడే చల్ల సంచిలో. వాడేసిన సూదులకి మందంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, లేకపోతే గదులు ఊడ్చే అక్కకి గుచ్చుకుంటాయి.

మిగతా ఖర్చు కూడా చెప్పేస్తా. ఇన్సులిన్, సూదులు, స్ట్రిప్పులు కలిపి మాకు నెలకి ఐదున్నర వేలు దాకా. సెన్సార్ ఒక్కోటి ఐదు వేలు, నెలకి రెండు కావాలి. ఇంట్లో ఉన్నప్పుడు పరీక్షలప్పుడే పెట్టేవాళ్ళం, ఇప్పుడు దూరం వచ్చేశా కాబట్టి రెండూ కొనాల్సిందే అని అమ్మ పట్టు. దానికోసం తన గాజులు డబ్బుగా మార్చిందని నాకు దసరాకి తెలిసింది.

ఆ సెన్సార్‌తోనే అసలు గొడవ. ఇందులో నా షుగర్ అమ్మ ఫోన్లో కూడా కనిపిస్తుంది. అంటే నేను వైజాగ్‌లో ఉన్నా అమ్మ నా మంచం పక్కనే ఉన్నట్టు. మొదటి వారం క్లాసులో కూర్చుంటే మెసేజ్, "190 ఉంది ఏం తిన్నావ్". క్యాంటీన్‌లో బజ్జీ అని చెప్పాలి. చెప్పకపోతే కాల్. చేరిన రెండో వారం ఒక రాత్రి రెండున్నర దాటాక నా రూమ్మేట్ ఫోన్ మోగింది, తర్వాత ఇంకో రూమ్మేట్‌ది, తర్వాత వార్డెన్ ఆంటీ తలుపు కొడుతోంది. నేను హాయిగా నిద్రపోతున్నా, నా ఫోన్ సైలెంట్‌లో ఉంది. సెన్సార్ 48 చూపిస్తోంది. అందరూ లేచి నా చుట్టూ నిలబడ్డారు, ఒకమ్మాయి ఏడుస్తోంది. వేలు పొడిచి చూస్తే 117.

సెన్సార్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే అక్కడ ఒత్తిడికి తప్పుడు లో చూపిస్తుంది. ఇది ఎంత మామూలు విషయమో మాకు ఎవరూ ముందు చెప్పలేదు, కాబట్టి మీకు చెప్తున్నా. ఇంకోటి, ఈ సెన్సార్ రక్తంలో షుగర్ కాదు, చర్మం కింద ద్రవంలోది చూస్తుంది, అందుకని నిజం కంటే కొన్ని నిమిషాలు వెనకుంటుంది. తేడాగా అనిపిస్తే వేలే పొడవాలి. ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్‌లో మీటర్ చూపించాకే పెట్టేసింది. పొద్దున రూమ్మేట్ నాతో మాట్లాడలేదు, దాని ఇంటర్నల్ ఎగ్జామ్ ఆ రోజు.

షేరింగ్ ఆపేస్తానన్నాను. అమ్మ ఏడ్చింది. నాన్న మధ్యలోకొచ్చాడు, వారం రోజులు ఫోన్లలో బేరం నడిచింది, చివరికి తేలింది ఇది: రాత్రి పదకొండు నుంచి ఆరు దాకా నంబర్లు చూసేది నాన్న, అమ్మ ఫోన్లో యాప్ ఉండదు. 60 కంటే కిందకి వెళ్తే నాకే కాల్ చెయ్యాలి. నేను రెండుసార్లకి ఎత్తకపోతేనే రూమ్మేట్‌కి. నా ఫోన్ రాత్రి సైలెంట్‌లో పెట్టకూడదు, ఇది వాళ్ళ షరతు, న్యాయమే. పగలు ఎక్కువ ఉంటే ఎవరూ అడగకూడదు. రోజుకి ఒకసారి నేనే కాల్ చేసి చెప్తా, అందులో మొదటి ప్రశ్న షుగర్ గురించి ఉండకూడదు. ఈ ఆఖరిది నేను పెట్టా. మొదటి రోజు అమ్మ కాల్ ఎత్తి "హలో" అని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అక్కడ వాన పడుతోందా?" అంది.

సెప్టెంబరులో నా షుగర్ నిజంగానే పడిపోయింది. ఆర్కే బీచ్‌కి వెళ్ళి బాగా నడిచాం, తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాకు మాట తడబడింది, మీటర్లో 49. రూమ్మేట్లు ఇద్దరికీ చేరిన రోజే చూపించి ఉంచా కాబట్టి కంగారు పడలేదు, నా బ్యాగులో ఉన్న గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించారు, పావుగంట ఆగి మళ్ళీ చూశారు, 84. నేను తెలివిలో ఉండి మింగగలిగితేనే ఇలా, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు అని కూడా చెప్పి పెట్టా. దానికి షుగర్‌ని పైకి లేపే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉంటుంది, మా ఊళ్ళో ఏ షాపులోనూ దొరక్క నాన్న చెప్పించి తెప్పించాడు. ఆ సాయంత్రమే ఇంటికి చెప్పా. అమ్మ సరే జాగ్రత్త అని పెట్టేసింది. మర్నాడు మధ్యాహ్నానికి గాజువాకలో పిన్ని వాళ్ళింట్లో దిగింది! హాస్టల్‌కి రాలేదు, నాకు చెప్పలేదు, నాలుగు రోజులు అక్కడే ఉండి వెళ్ళిపోయింది. తర్వాత పిన్ని చెప్పింది నాకు. ఊరికే దగ్గర్లో ఉంటే నిద్ర పడుతుందని వచ్చిందట.

నేను దాని గురించి అమ్మని అడగలేదు.

దసరాకి ఇంటికెళ్ళినప్పుడు హెచ్‌బీఏ1సీ 7.5. మెస్సులో ఆదివారం బిర్యానీ లెక్క ఇంకా నాకు కుదరట్లేదు, నూనె వల్ల షుగర్ తిన్న వెంటనే కాకుండా నాలుగైదు గంటలకి ఎక్కుతుంది. పీరియడ్స్ ముందు నాలుగు రోజులు నాకు డోసులు పెంచాలి, ఇది ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ చూసుకునేది, నేను నోటుబుక్కులో పాత పేజీలు చూస్తే తెలిసింది. భోజనాల దగ్గర అలవాటుగా అమ్మ నా కంచం వైపు చూసింది, నేను నాలుగున్నర అన్నాను, ఆవిడ "ఐదు" అంది. అన్నం తిన్న రెండు గంటలకి 196. ఐదే వెయ్యాల్సింది. నాయనమ్మ మాత్రం పక్కింటావిడకి తనే చెప్పింది, "మా మనవరాలు సొంతంగా పొడుచుకుంటుంది తెలుసా" అని. పెళ్ళి సంగతి ప్రస్తుతానికి ఎవరూ ఎత్తట్లేదు.

పిల్లల డాక్టర్ నుంచి పెద్దల డాక్టర్‌కి మారాలి ఇంక. వైజాగ్‌లో ఒకాయన దగ్గర డిసెంబరులో అపాయింట్‌మెంట్ దొరికింది, నెల పైన ఆగాల్సొచ్చింది. పాత రికార్డులన్నీ కావాలంటారు, 2015 నుంచి ఉన్న ఫైలు అమ్మ స్కాన్ చేయించి పంపింది, ప్రతి పేజీ మీద తన చేతిరాతలో చిన్న చిన్న నోట్సులు. అపాయింట్‌మెంట్‌కి తనూ వస్తానంది. రమ్మన్నాను, కానీ లోపలికి నేనొక్కదాన్నే వెళ్తా, ఆఖర్లో పిలుస్తా అన్నాను. ఒప్పుకుంది. ప్రశ్నలు రాసిస్తానంది, ఒక పేజీన్నర వచ్చాయి వాట్సాప్‌లో.

ఫిబ్రవరిలో క్లాసంతా అరకు వెళ్తున్నారు, రెండు రాత్రులు. అమ్మ ఇంకా సరే అనలేదు, వద్దు అని కూడా అనలేదు. ఘాట్ రోడ్డులో వాంతులైతే, అప్పటికే ఇన్సులిన్ వేసేసుంటే ఏం చేస్తావు అని అడిగింది. నిజానికి అది నేను ఆలోచించలేదు, కొత్త డాక్టర్ గారి లిస్టులో అదీ చేర్చా. రైల్లో వెళ్తే ఆ గొడవే ఉండదు కదా అన్నాను. "టికెట్లు దొరుకుతాయా చూడు మరి" అంది.